ఓవెన్ కాగిపోతున్నదంటే ఏది కాగుతున్నది?

(వార్డు కార్యాలయంలో జరిగిన తెలుగు నివాసుల గృహభద్రతా సమావేశంలో నగరపాలక సంస్థ అనువాద విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ బెంగళూరు నగరంలో తెలుగువారు రెండు విధాలుగా ఉన్నారు. తరతరాలుగా ఇక్కడే స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతూ రెండింటినీ సొంతం చేసుకున్నవారు కొందరు. చదువు కోసమో, కొలువు కోసమో, కట్టడపు పనుల కోసమో ఇటీవల వచ్చి అద్దె ఇళ్లలో కాపురం పెట్టినవారు మరికొందరు. నేటి విషయం ఇరువురికీ పనికివచ్చేదే అయినా, రెండవవారికి మరింత అవసరం. ఎందుకంటే వారి వంటింట్లో వస్తువు వారిది, గోడ మాత్రం మరొకరిది. ఆ రెండూ కలిసే చోట, అంటే ప్లగ్గు సాకెట్టులో దిగే చోట, ప్రమాదం పొంచి ఉంటుంది.

మన ఇళ్లలోకి విద్యుత్ ఓవెన్ వచ్చి ఎంతో కాలం కాలేదు. మనం వాడుకలో ఓటీజీ అనే పెట్టె ఇప్పుడు చాలా వంటిళ్లలో కనిపిస్తున్నది. పిల్లల పుట్టినరోజుకు కేకు చేయడానికి కొన్నవారున్నారు. ఇంటి నుంచే కేకులు, బిస్కెట్లు చేసి అపార్టుమెంట్లలో అమ్ముతూ సంసారానికి చేదోడుగా నిలిచిన గృహిణులూ ఉన్నారు. వారికి ఆ పెట్టె అలంకారం కాదు, జీవనాధారం. రోజుకు ఐదారు గంటలు నడిచే ఓవెన్‌ను గురించి జాగ్రత్తగా తెలుసుకోవలసిన అవసరం వారికి అందరికన్నా ఎక్కువ.

భద్రతా కరపత్రాలలో “ఓవర్‌హీటింగ్” అన్న మాటను “అధికంగా వేడెక్కుట” అని తెలుగు చేస్తుంటాము. ఆ అనువాదంలో దోషం లేదు. కాని వంటింట్లో నిలబడిన మనిషికి అది దారి చూపదు. ఏది వేడెక్కుతున్నది? కేకు మాడిపోతే “ఓవెన్ వేడెక్కుతున్నది” అంటాము. పెట్టె మీద చేయి పెడితే చురుక్కుమన్నా అదే మాట. ప్లగ్గు దగ్గర కమురు వాసన వచ్చినా అదే మాట. ఈ మూడూ మూడు వేర్వేరు లోపాలు. వీటికి కారణాలు వేరు, మరమ్మతు వేరు, మరమ్మతు చేసే మనిషి కూడా వేరు. కనుక ఈ ప్రసంగంలో వాటికి మూడు పేర్లు పెట్టుకుందాం: లోపలి వేడి, ఒంటి సెగ, ప్లగ్గు కాక. వీటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది చివరిది. అందుచేత దానితోనే మొదలుపెడతాను.

ప్లగ్గు కాక

మన ఇళ్లలో సాకెట్లు రెండు రకాలు. చిన్న రంధ్రాలది 6 యాంపియర్లది, పెద్ద రంధ్రాలది 16 యాంపియర్లది. మనకు అందే విద్యుత్తు 230 వోల్టులు. వోల్టులను యాంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 230ని 6తో గుణిస్తే 1380. అంటే చిన్న సాకెట్టు మోయగలిగిన గరిష్ఠ భారం 1380 వాట్లు. మీ ఓవెన్ వెనుక అతికించిన చీటీ చూడండి. చిన్న ఓటీజీలు 1200 వాట్ల చుట్టుపక్కల ఉంటాయి, పెద్దవి 2000 వాట్ల దాకా వెళ్తాయి. 1500 వాట్ల ఓవెన్‌కు ఆరున్నర యాంపియర్లు కావాలి. 2000 వాట్ల దానికి దాదాపు 9 యాంపియర్లు కావాలి. ఇవి చిన్న సాకెట్టుకు తగిన బరువులు కావు.

అందుకే తయారీదారు ఆ ఓవెన్‌కు లావు పిన్నుల ప్లగ్గు ఇస్తాడు. మనమేం చేస్తున్నాము? అద్దె ఇంటి వంటగదిలో పెద్ద సాకెట్టు ఒక్కటే ఉంటుంది, అది అప్పటికే ఫ్రిజ్‌కో ఇండక్షన్ పొయ్యికో అంకితమై ఉంటుంది. కనుక బజారుకు వెళ్లి, లావు పిన్నులను చిన్న రంధ్రాలలో దూర్చే కన్వర్టర్ ప్లగ్గు కొని తెస్తాము. లేదా ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి ఓవెన్‌ను, ఇండక్షన్ పొయ్యిని ఒక్క తీగ మీద నడుపుతాము. ఓవెన్ 1500 వాట్లు, పొయ్యి 2000 వాట్లు అనుకుంటే, రెండూ కలిపి 3500. అంటే 15 యాంపియర్లకు పైమాట. 6 యాంపియర్లకు తయారైన బోర్డు మీద అది రెండున్నర రెట్ల బరువు.

ఇక్కడ చాలామంది ఒక సందేహం అడుగుతారు: “ఎమ్‌సీబీ ఉన్నది కదా, ప్రమాదముంటే అదే పడిపోదా?” నేటి సమావేశంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే ఉంటే, అది ఈ ప్రశ్నకు సమాధానం. ఎమ్‌సీబీ చూసేది తీగలో ఎంత విద్యుత్తు పారుతున్నదని మాత్రమే. సాకెట్టు లోపల పిన్నును పట్టుకునే ఇత్తడి పట్టీలు వదులైపోతే, విద్యుత్ ప్రవాహం పెరగదు. అది 8 యాంపియర్లయితే 8గానే ఉంటుంది. కాని ఆ వదులు చోట విద్యుత్తుకు అడ్డు ఏర్పడి, అక్కడ వేడి పుడుతుంది. ఆ అడ్డు అర ఓమ్ ఉన్నదనుకుందాం. 8ని 8తో గుణించి, దానిలో సగం తీసుకుంటే 32 వాట్లు. టంకం వేసే చిన్న పనిముట్టు 25 వాట్లది, సీసాన్ని తగరాన్ని కరిగించేది అదే. అంతకన్నా ఎక్కువ వేడి మీ గోడలో, ప్లాస్టిక్ మధ్య, గంటల తరబడి పుడుతున్నా ఎమ్‌సీబీకి ఆ సంగతి తెలియదు. షాకు నుంచి కాపాడే ఆర్‌సీసీబీకీ తెలియదు. దానిని తెలుసుకోగలిగినవి మీ చేయి, మీ ముక్కు.

పరీక్ష సులభం. ఓవెన్‌ను ఇరవై నిమిషాలు నడిపించండి. తరువాత గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు వెలుపలి భాగాన్ని వేళ్ల వెనుక వైపుతో తాకండి. గోరువెచ్చగా ఉంటే ఆందోళన అక్కరలేదు. వేళ్లు పెట్టి ఉంచలేనంత కాక ఉంటే దానిని మళ్లీ వాడవద్దు. చల్లారాక ప్లగ్గు ఊడదీసి పిన్నులు చూడండి. నల్లబడినా, నీలి రంగు తిరిగినా, సాకెట్టు ముఖం గోధుమ రంగుకు మారినా, నడుస్తున్నప్పుడు చిటపట చప్పుడు వినిపించినా లోపం అక్కడే ఉన్నది. ఓవెన్‌ది తప్పు కాదు.

అప్పుడు సాకెట్టు ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. కాలిన పిన్నులు కొత్త సాకెట్టును కొద్ది రోజులలోనే పాడుచేస్తాయి. కాలిన సాకెట్టు కొత్త ప్లగ్గును అదే విధంగా పాడుచేస్తుంది. కనుక రెండింటినీ కలిపి మార్చాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్నవే తీసుకోవాలి. ఎస్.పి. రోడ్డులో పది రూపాయలు తక్కువకు దొరికిందని గుర్తు లేనిది తెస్తే, ఆ పొదుపు నిలవదు. గోడ లోపలి తీగను కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించాలి. పెద్ద సాకెట్టు వెనుక రాగి తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 4 అయితే మరింత నిశ్చింత. దీపాలకు వేసిన సన్న తీగకు పెద్ద సాకెట్టు తగిలించి ఉంటే, పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది, లోపల తీగ కాగుతూ ఉంటుంది. ఎమ్‌సీబీ మాటిమాటికీ పడిపోతున్నదని పెద్దది వేయించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. అది తీగను కాపాడే కావలి. తీగ మార్చకుండా కావలిని మార్చకూడదు.

లోపలి వేడి

ఇక పెట్టె లోపలికి వద్దాం. పెనం కాగిందో లేదో మన ఇళ్లలో నాలుగు నీటి చుక్కలు చిలకరించి తెలుసుకుంటారు. ఓవెన్ తలుపు మూసి ఉంటుంది కనుక ఆ విద్య ఇక్కడ చెల్లదు. తిప్పే మీట మీది అంకెను నమ్మవలసి వస్తుంది. ఆ అంకెకు, లోపలి వేడికి మధ్యవర్తి థర్మోస్టాట్ అనే చిన్న భాగం.

చిన్న ఓటీజీలలో అది రెండు లోహాలను కలిపి అతికించిన పట్టీ. వేడికి ఒక లోహం ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచిస్తుంది కనుక పట్టీ వంగి, విద్యుత్ మార్గాన్ని తెంపుతుంది. కడ్డీలు ఆరిపోతాయి. చల్లబడగానే పట్టీ నిటారై మళ్లీ కలుపుతుంది. పెద్ద ఓవెన్లలో ద్రవం నింపిన సన్నని గొట్టం ఒకటి లోపలి గోడకు తగిలించి ఉంటుంది. ఆ ద్రవం వ్యాకోచించి అదే పని చేస్తుంది. ఈ పద్ధతి వల్ల లోపలి వేడి ఎప్పుడూ ఒకే చోట నిలవదు. 180 డిగ్రీల దగ్గర పెడితే కాసేపు 195, కాసేపు 165 అవుతుంటుంది. మొదటిసారి కాగేటప్పుడు అంకెను దాటి మరింత పైకి పోవడం కూడా ఉన్నది. కనుక కడ్డీలు రెండు మూడుసార్లు ఆరి వెలిగే దాకా ఆగి, ఆ తరువాతే పిండి పెట్టాలి.

థర్మోస్టాట్ పనిచేస్తున్నదో లేదో చూడడానికి ఖాళీ ఓవెన్‌ను 180 డిగ్రీల దగ్గర పెట్టి, దగ్గరే ఉండి గమనించండి. పదిహేను, ఇరవై నిమిషాలలో కడ్డీల ఎరుపు తగ్గాలి, టిక్కుమనే చిన్న చప్పుడు వినిపించాలి. అరగంటైనా కడ్డీలు ఒక్కసారి కూడా ఆరకపోతే, థర్మోస్టాట్ లోపలి మొనలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండవచ్చు. అది అదుపు లేని మంట. వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, సర్వీసు వారిని పిలవాలి. మీట తక్కువకు తిప్పి వాడుకుందామనుకోవద్దు. అతుక్కున్న మొనలకు మీట మాట వినిపించదు.

కడ్డీలు ఆరుతూ వెలుగుతూనే ఉన్నా వంట మాడుతుంటే, అప్పుడు ఎన్ని డిగ్రీల తేడా ఉన్నదో కొలవాలి. ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు పెద్ద ఖరీదైనది కాదు. దానిని నడిమి జాలీ మధ్యలో ఉంచి, తలుపు తెరవకుండా అద్దంలోంచి ఐదేసి నిమిషాలకొకసారి ఐదారుసార్లు చూసి, సగటు తీయండి. ప్రతిసారీ ఇరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే, మీరు ఇరవై తగ్గించి పెట్టుకుంటే సరిపోతుంది. దానికి మరమ్మతు అక్కరలేదు. థర్మామీటరు లేనివారికి పంచదార ఉన్నది. అది సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అల్యూమినియం రేకుతో చేసిన చిన్న దొన్నెలో చెంచాడు పంచదార వేసి, బాగా కాగిన ఓవెన్‌లో 175 దగ్గర పావుగంట ఉంచండి. కరగకూడదు. తరువాత 190 దగ్గర ఉంచండి. కరగాలి. 175 దగ్గరే పాకమైపోతే మీ ఓవెన్ చెప్పేదానికన్నా ఎక్కువ కాగుతున్నదని అర్థం.

లోపం ఓవెన్‌ది కాక వాడుకది అయ్యే సందర్భాలూ ఉన్నాయి. కేకు పైభాగం నల్లబడి మధ్య పచ్చిగా ఉంటే, ట్రే పై కడ్డీకి దగ్గరగా ఉన్నదేమో, మీట గ్రిల్ వైపు ఉన్నదేమో చూడాలి. అడుగు మాడితే నల్లని పల్చటి ట్రే కారణం కావచ్చు. శుభ్రం చేసే బాధ తప్పుతుందని అడుగున అల్యూమినియం రేకు పరచడం చాలామందికి అలవాటు. ఆ రేకు వేడి తిరగకుండా అడ్డుతుంది, కడ్డీకి తగిలితే మరింత ప్రమాదం. ద్రవపు గొట్టం ఉన్న ఓవెన్లలో ఆ గొట్టం తన క్లిప్పు నుంచి జారి మూలకు పడితే, అది చల్లని చోట ఉండి “ఇంకా కాగలేదు” అని తప్పుడు కబురు పంపుతుంది. దానిమీద నూనె జిడ్డు పేరుకున్నా కబురు ఆలస్యమవుతుంది. చల్లారాక మెత్తని తడిబట్టతో తుడవవచ్చు. వంచకూడదు, లాగకూడదు. కొన్ని ఓటీజీల టైమర్ మీద ఎప్పుడూ ఆగకుండా నడిచే గుర్తు ఒకటి ఉంటుంది. మీటను పొరపాటున ఆ వైపు తిప్పితే ఎంతసేపైనా గంట మోగదు. అదీ ఒకసారి చూసుకోవాలి.

ఒంటి సెగ

మూడవదాన్ని క్లుప్తంగా ముగిస్తాను. ఓటీజీ గోడలు పల్చని రేకుతో చేసినవి. నడుస్తున్నప్పుడు పైభాగం, తలుపు అద్దం తాకలేనంత సెగ చిమ్మడం దాని స్వభావమే, అది లోపం కాదు. కాని ఆ సెగ వెళ్లడానికి చోటు ఉండాలి. అన్ని వైపులా కనీసం జానెడు ఖాళీ వదలండి. చెక్క అర కింద, తెర పక్కన, గ్యాస్ గొట్టం దగ్గర పెట్టవద్దు. పైన గుడ్డ గాని, ప్లాస్టిక్ డబ్బాలు గాని ఉంచవద్దు. తీగ ఓవెన్ వెనుక రేకుకు ఆనకుండా చూసుకోండి. అలమరలో బిగించే పెద్ద ఓవెన్లకు వెనుక చల్లబరిచే ఫ్యాను ఉంటుంది. ఓవెన్ ఆపాక కూడా అది కొంతసేపు తిరగడం సహజం. అది అసలే తిరగకపోతే, ముందు మీటలు తాకలేనంత వేడెక్కితే, సర్వీసు అవసరం. ఇటువంటి ఓవెన్లలో అతివేడికి తెగిపోయే రక్షణ ఫ్యూజు కూడా ఉంటుంది. అది తెగితే కారణం వెతికి కొత్తది వేయించాలి. “తీగ ముక్క కలిపేస్తాను, నడుస్తుంది” అనే మెకానిక్‌కు నమస్కారం పెట్టి పంపించండి.

ఇక ఓవెన్ ఒంటిని తాకితే జిల్లుమంటే అది వేడికి సంబంధించినది కాదు. ఎర్తు లేదని సూచన. ఆ క్షణం నుంచి దానిని వాడకూడదు.

ఎవరిని పిలవాలి, ఏమని చెప్పాలి

ఇంతసేపు మూడు వేడులను వేరుచేసింది ఇందుకే. లోపలి వేడి, ఒంటి సెగ ఓవెన్ సర్వీసు వారి పని. ప్లగ్గు కాక ఎలక్ట్రీషియన్ పని. లోపం గోడ లోపలి తీగలో ఉంటే ఇంటి యజమానితో మాట్లాడవలసిన పని. చాలా ఇళ్లలో ఈ మాట యజమానితో చెప్పడానికి జంకుతారు. “మీ ఓవెనే పెద్దది” అంటాడేమో, ఖాళీ చేయమంటాడేమో అని భయం. కేంద్ర ప్రభుత్వం 2021లో రూపొందించిన నమూనా అద్దె చట్టం ఈ బాధ్యతలను పంచి చెప్పింది. స్విచ్చీలు, సాకెట్ల మరమ్మతు అద్దెకున్నవారిది. ఇంటి లోపలి, బయటి వైరింగు నిర్వహణ యజమానిది. అది నమూనా మాత్రమే. మీకు వర్తించేది రాష్ట్ర చట్టం, మీరు సంతకం చేసిన ఒప్పందపత్రం. అయినా మాట్లాడడానికి అది మంచి కొలబద్ద. తదుపరి ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ రెండు వాక్యాలూ అందులో చేర్చమని అడగండి. నల్లబడిన ప్లగ్గు ఫొటో తీసి చూపించి, “ఇల్లు మీది, అందులో ఉన్న పిల్లలు మావాళ్లు, ఇద్దరికీ ఇది నష్టమే” అని మర్యాదగా చెబితే వినని యజమానులు తక్కువ.

భాష రాదని ఆగిపోయేవారి కోసం నాలుగు కన్నడ వాక్యాలు చెబుతాను. “ప్లగ్ బిసి ఆగ్తా ఇదె” అంటే ప్లగ్గు వేడెక్కుతున్నదని. బిసి అంటే ఇక్కడ తీరిక లేకపోవడం కాదు, వేడి. “ఓవెన్ తుంబా బిసి ఆగ్తా ఇదె” అంటే ఓవెన్ మరీ వేడెక్కుతున్నదని. “సుట్ట వాసనె బర్తా ఇదె” అంటే కాలిన వాసన వస్తున్నదని. “అర్త్ ఇదెయా నోడి” అంటే ఎర్తు ఉన్నదో లేదో చూడండి అని. వచ్చినవాడు ఓవెన్ విప్పబోతే మొదటి వాక్యం మళ్లీ చెప్పి గోడ వైపు చూపించండి. లోపం ఎక్కడున్నదో మీరే చెప్పగలిగితే అనవసరమైన ఖర్చు తప్పుతుంది, అసలు లోపం దాగి ఉండిపోదు.

మీ ఇంట్లో ఉన్నది మైక్రోవేవ్ ఓవెన్ అయితే, దాని మూత మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

చివరగా, ఓవెన్ లోపల మంట లేస్తే తలుపు తెరవవద్దు. గాలి తగిలితే మంట పెరుగుతుంది. గోడ స్విచ్చి గాని, దగ్గరకు పోలేకపోతే మెయిన్ గాని ఆపండి. తలుపు మూసి ఉంచితే లోపలి మంట సాధారణంగా తనంత తానే అణగుతుంది. నీళ్లు పోయవద్దు. మంట పెట్టె దాటి బయటికి వస్తే పిల్లలను, పెద్దలను తీసుకొని బయటికి వెళ్లి 101కి గాని, 112కి గాని ఫోను చేయండి. వీధి నుంచి ఇంటికి వచ్చే విద్యుత్తులో లోపముంటే 1912. కొన్న వస్తువు విషయంలో అంగడివారు, తయారీదారు వినకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915.

ఇంటికి వెళ్లగానే మీరు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. ఓవెన్ వెనుక చీటీ మీది వాట్లు చూసి, అది 1380 దాటితే ఏ సాకెట్టులో పెట్టారో చూడండి. ఈసారి ఓవెన్ వాడాక ప్లగ్గును ఒకసారి తాకండి. అది కాగుతున్నదంటే, కేకు ఎంత చక్కగా వచ్చినా, ఆ ఓవెన్‌ను ఆనాటికి ఆపేయండి.

 సందేహాలు ఉన్నవారు దయచేసి అడగండి.